బార్బాలు నడిచిన బాటలో



నిరుడు ఆగస్టు నెలలో ఇటలీ దేశపు ఉత్తర భాగాన, ఫ్రాన్సు సరిహద్దును ఆనుకొని ఉన్న కొన్ని కొండలోయలను చూచే అవకాశం దేవుడు నాకు దయచేశాడు. ఆ లోయలను గూర్చి, అక్కడి కాలిబాటలను గూర్చి, ఆ బాటల వెంట నడిచిన భక్తులను గూర్చి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అయితే ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. నేను దేశం చూడాలని వెళ్ళలేదు. మా అబ్బాయి మీద కోపంతో వెళ్ళాను.

మాది పల్నాడులో ఒక పల్లె. ముప్పయి రెండేండ్లు బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. సంఘంలో పెద్దగా ఉన్నాను. మా రెండోవాడు ఇంజనీరింగ్ ముగించి పై చదువుకు ఇటలీలోని టురిన్ పట్టణం వెళ్ళాడు. ఎకరన్నర మిరప చేను తాకట్టు పెట్టి పంపించాం. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక వాడికి ఫోను చేసి, "గుడికి వెళ్ళావా అబ్బాయ్?" అని అడగడం నా అలవాటు. మే నెలలో ఒక ఆదివారం వాడు, "లేదు నాన్నా, కొండల్లో పరుగెత్తడానికి వెళ్ళాను" అన్నాడు. తరువాతి ఆదివారమూ అదే మాట. మూడో ఆదివారం నేను ఫోను పెట్టేశాను. అప్పటినుండి మూడు నెలలు వాడితో మాట్లాడలేదు.

వాళ్ళమ్మ మాత్రం మాట్లాడుతూనే ఉంది. చివరకు ఆమే అన్నది: "ఫోనులో కోప్పడితే బిడ్డ దగ్గరవుతాడా? మీరే వెళ్ళి చూచి రండి. వాడు టిక్కెట్టు పంపుతానంటున్నాడు." ఆమె మోకాళ్ళ నొప్పులతో ప్రయాణం చేయలేదు. అలా నేనొక్కడినే బయలుదేరాను.

లోయలోకి

టురిన్‌లో దిగిన రెండో రోజున మా అబ్బాయి, "నాన్నా, నేను ఆదివారాలు ఎక్కడికి వెళుతున్నానో మీకు చూపిస్తాను. చూచాక ఏమన్నా అనండి" అన్నాడు. నేను సరే అన్నాను. పినెరోలో అనే పట్టణం వరకు రైలు, అక్కడినుండి బస్సు. టురిన్‌కు నైరుతి దిక్కుగా దాదాపు యాభై కిలోమీటర్లు పోయేసరికి మైదానం అయిపోయి కొండలు మొదలయ్యాయి. బస్సు తోర్రె పెల్లిచె అనే చిన్న ఊళ్ళో ఆగింది. పెల్లిచె అనేది అక్కడి ఏరు పేరు. సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పై చిల్లర ఎత్తులో ఉంది ఆ ఊరు.

బస్సు దిగి నాలుగడుగులు వేయగానే ఒక పెద్ద గుడి కనబడింది. రెండు గంట గోపురాలు, నడుమ ద్వారం. "ఇది ప్రొటెస్టెంటు గుడి నాన్నా. 1852లో కట్టారు" అన్నాడు మావాడు. నేను ఆశ్చర్యపోయాను. ఇటలీ అంటే పోపుగారి దేశమనే మనకు తెలుసు. ఇక్కడ మన వంటి గుడి ఎలా వచ్చింది? గుడికి వెళ్ళడం మానాడని నేను కోప్పడిన నా కొడుకు, నన్ను తీసుకొచ్చి సరాసరి గుడి ముందే నిలబెట్టాడు!

ఆ సంఘస్థులను వాల్దెన్సీయులు అంటారు. వారి చరిత్ర మార్టిన్ లూథరుగారి కన్న మూడు వందల ఏండ్లకు పైగా ముందుది. ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో వాల్దో అనే ధనిక వర్తకుడు 1170 ప్రాంతంలో తన ఆస్తిని పేదలకు పంచిపెట్టి, లేఖనాలను ప్రజల భాషలోకి తర్జుమా చేయించి, వీధుల్లో ప్రకటించసాగాడు. అనుమతి లేకుండా బోధిస్తున్నారని 1184లో ఆయన అనుచరులను సభ నుండి వెలివేశారు. హింసలకు తాళలేక చెదరిపోయినవారిలో కొందరు ఈ కొండలోయలకు చేరారు. కొండలు వారికి కోట గోడలయ్యాయి.

వారి బోధకులను బార్బాలు అనేవారు. బార్బా అంటే అక్కడి భాషలో చిన్నాన్న, మామ వంటి పిలుపు. ఫాదర్ అనే బిరుదు వద్దనుకున్నారు, బాబాయి అనే వరుస చాలనుకున్నారు. వారు ఇద్దరిద్దరుగా, ఒక పెద్దవాడు, ఒక చిన్నవాడు కలిసి, చిల్లర సామాన్లు అమ్ముకునే వర్తకుల వేషంలో ఊరూరా తిరిగేవారు. దొరికితే ప్రాణం పోతుంది. అందుకని లేఖనాలను కంఠస్థం చేసేవారు. సువార్తలకు సువార్తలే నోటికి వచ్చేవట. ఇది వింటుంటే మా తాతగారు గుర్తుకొచ్చారు. ఆయన ఉపదేశి. గుడ్డసంచిలో బైబిలు పెట్టుకొని, చెప్పులు చేతపట్టుకొని, ఎండలో పల్లె నుండి పల్లెకు నడిచేవారు. ఆయన్ని కూడా ఊళ్ళో అందరూ "తాతా" అనే పిలిచేవారు.

కొండ పరుగు అంటే ఏమిటి?

మనకు పరుగు పందెం అంటే సున్నంతో గీతలు గీసిన బడి మైదానమే. ఇక్కడివారు కొండదారుల వెంట, అడవిలో, రాళ్ళ మీద, వాగులు దాటుతూ పరుగెత్తుతారు. దీన్ని ట్రెయిల్ రన్నింగ్ అంటారు. అన్ని దారులకూ రాళ్ళ మీద, చెట్ల మీద ఎరుపు తెలుపు రంగు గుర్తులు వేసి ఉంటాయి. 1863లో టురిన్‌లో పుట్టిన ఇటలీ పర్వతారోహకుల సంఘం ఇటువంటి గుర్తులను దేశమంతటా కనిపెట్టి చూచుకుంటుంది. దారి చీలే చోట చెక్క పలక ఉంటుంది. దాని మీద ఎన్ని కిలోమీటర్లో రాయరు, ఎంతసేపు పడుతుందో రాస్తారు. కొండలో మైలు లెక్క పనికిరాదు, ఎక్కుడు ఎంతో తెలియాలి. మన పల్లెల్లో పెద్దలు "ఒక పూట నడక" అని చెప్పినట్టే.

"ఇంత ఎత్తు పరుగెత్తుతూ ఎలా ఎక్కుతావురా?" అని అడిగాను. వాడు నవ్వాడు. "నిట్రంగా ఉన్నచోట పందెగాళ్ళు కూడా నడుస్తారు నాన్నా. అడుగులు చిన్నవి వేయాలి. చేతులు తొడల మీద ఆనించి వంగి ఎక్కాలి. ఊపిరి చూచుకోవాలి. మొదట్లో తొందరపడినవాడు చివర్లో కూలబడతాడు. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే దెబ్బలు తగిలేది. మోకాళ్ళ మీద బరువంతా పడుతుంది." సంచిలో నీళ్ళు, వానకోటు, ఈల, టార్చిలైటు, పలచని రేకు దుప్పటి ఎప్పుడూ ఉండాలన్నాడు. వేసవిలో మధ్యాహ్నం దాటితే ఆ కొండల్లో ఉన్నట్టుండి ఉరుములు, పిడుగులు వస్తాయి. అందుకని తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నానికి దిగిపోవాలి.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాడు. వేసవిలో అక్కడి కాపులు ఆవులను, గొర్రెలను తోలుకొని ఎత్తయిన పచ్చికబయళ్ళకు పోతారు. 1990ల నుండి ఆ కొండల్లోకి తోడేళ్ళు తిరిగి వచ్చాయి. కాబట్టి మందల వెంట తెల్లని పెద్ద కాపలా కుక్కలు ఉంటాయి. మంద కనబడితే పరుగు ఆపి, నెమ్మదిగా, దూరంగా చుట్టి పోవాలి. మంచి కాపరి కుక్కకు పరుగెత్తేవాడు దొంగలాగే కనిపిస్తాడు మరి!

గుహలోని గుడి

మొదటి రోజు నన్ను ఆంగ్రోన్యా లోయ దారిన నడిపించాడు. వాడు గంటన్నరలో పరుగెత్తే దారి నాకు దాదాపు పూట పట్టింది. దారి పొడుగునా చెస్ట్‌నట్ చెట్ల నీడ. ఆ కాయలే ఒకప్పుడు అక్కడి పేదలకు చలికాలపు తిండి. ఎండబెట్టి, పిండి విసరుకొని తినేవారు. ఇండ్ల పైకప్పులు పలకరాయితో కప్పినవి. మా పల్నాడు నాపరాళ్ళు జ్ఞాపకం వచ్చి కాళ్ళకు కొంచెం బలం వచ్చినట్టయింది.

దారిలో చబాస్ అనేచోట 1555 నాటి చిన్న గుడి ఉంది. అంతవరకు ఇండ్లలో, అడవుల్లో దాగి ఆరాధించినవారు ఆ ఏడు ధైర్యం చేసి బహిరంగంగా గుళ్ళు కట్టుకున్నారు. మరికొంత దూరంలో చాన్‌ఫొరాన్ అనే పచ్చికబయలు, అందులో ఒక రాతి స్తంభం. 1532లో అక్కడే బార్బాలు, పెద్దలు ఆరుబయట కూడి, సంస్కరణ ఉద్యమంలో చేరడానికి తీర్మానించుకున్నారు. ఆ కూటమిలోనే మరొక గొప్ప తీర్మానం చేశారు. బైబిలును ఫ్రెంచి భాషలోకి తర్జుమా చేయించి అచ్చు వేయించాలని. మేకలు మేపుకొని, గట్ల మీద రై గింజలు పండించుకొని బ్రతికే పేదలు చందాలు వేసుకున్నారు. ఒలివెటాన్ అనే పండితుడు తర్జుమా చేశాడు. 1535లో స్విట్జర్లాండులో అచ్చయింది. చందా ఇచ్చినవారిలో ఎంతమందికి చదువు వచ్చో! అయినా తమ బిడ్డలు చదువుతారని ఇచ్చారు. బిడ్డ చదువు కోసం చేను తాకట్టు పెట్టిన నాకు ఆ స్తంభం ముందు నిలబడినప్పుడు గొంతు పూడుకుపోయింది.

అక్కడికి దగ్గరలోనే అడవిలో ఒక గుహ ఉంది. పేరు గియేయిజా ద లా తానా, అంటే గుహ గుడి. పెద్ద బండల సందున ఇరుకైన దారి. నడుము వంచి, తరువాత ఇంచుమించు పాకుతూ లోపలికి వెళ్ళాలి. లోపల ఒక గది వెడల్పున చోటు. పైన బండల సందులోనుండి సన్నటి వెలుతురు పడుతుంది. హింసల కాలంలో విశ్వాసులు అక్కడ దాగి ఆరాధించారని తరతరాలుగా చెప్పుకుంటారు. వాల్దెన్సీయ సంఘపు గుర్తు కూడా దీపస్తంభమే. చీకటిలో వెలుగు ప్రకాశించుచున్నదని దాని భావం.

ఆ చీకట్లో తండ్రీ కొడుకులం చల్లని రాతి మీద కూర్చున్నాం. అప్పుడు మావాడు, నా వైపు చూడకుండా, నెమ్మదిగా చెప్పసాగాడు.

"నాన్నా, ఫిబ్రవరిలో నేను రెండు పరీక్షలు తప్పాను. మీకు చెప్పలేదు. చేను గుర్తుకొచ్చేది. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. మధ్యాహ్నం దాకా మంచం దిగేవాణ్ణి కాదు. ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. ఒక రాత్రి పో నది వంతెన మీదికి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను."

నా ఒళ్ళు చల్లబడింది. వాడు ఆగి మళ్ళీ అన్నాడు. "ఆ రాత్రి ఏమీ చేయలేదు నాన్నా. అమ్మ గుర్తుకొచ్చింది, గదికి వచ్చేశాను. మరునాడు మా తరగతి ఇటలీ అబ్బాయి ఒకడు నా ముఖం చూచి ఏదో పసిగట్టాడు. ఏమీ అడగలేదు. డాక్టరు దగ్గరికి తానే తీసుకెళ్ళాడు. మార్చిలో మొదటిసారి ఈ కొండకు తెచ్చాడు. ఆదివారం తప్ప వాడికి సెలవు లేదు. ఆ రోజు పది నిమిషాలు పరుగెత్తేసరికి ఆయాసంతో కూలబడ్డాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది. నెల తరువాత మొదటిసారి."

నేను ఏమి చెప్పగలను? "గుడికి వెళ్ళావా?" అని ఇరవై ఆదివారాలు అడిగాను. "ఎలా ఉన్నావు?" అని ఒక్క ఆదివారం అడగలేదు. సంఘంలో ఇతరుల బిడ్డల కోసం మోకాళ్ళూని ప్రార్థించిన నేను, నా బిడ్డ వంతెన మీద నిలబడిన రాత్రి హాయిగా నిద్రపోయాను. వాడి చెయ్యి పట్టుకొని, "నన్ను క్షమించు నాయనా" అన్నాను. ఆ గుహలో ఎందరి కన్నీళ్ళు రాలాయో. ఆ రోజు మావీ కలిశాయి.

తిరిగి వచ్చిన దారి

మరునాడు ఊళ్ళోని మ్యూజియంలో ఒక పెద్దావిడ మాకు వివరాలు చెప్పింది. మావాడు తెలుగులో అందించాడు. 1655 ఏప్రిల్ నెలలో, ఈస్టరు దినాల్లో, సవాయ్ ప్రభువు సైనికులు ఈ లోయల్లో స్త్రీలను, పిల్లలను కూడా చూడకుండా ఊచకోత కోశారు. ఆ వార్త విని ఇంగ్లండులో మిల్టన్ కవి పద్యం రాశాడు. క్రాంవెల్ నిరసన తెలిపి చందాలు పోగుచేయించాడు. మళ్ళీ 1686లో, ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ ఒత్తిడి వలన, ప్రొటెస్టెంటు ఆరాధన పూర్తిగా నిషేధించారు. వేలమందిని చెరసాలల్లో వేశారు. చాలామంది అక్కడే రోగాలతో, ఆకలితో మరణించారు. బ్రతికినవారిని 1687 చలికాలంలో మంచుకొండలు దాటించి స్విట్జర్లాండుకు వెళ్ళగొట్టారు.

అయితే వారు తమ లోయలను మరువలేదు. 1689 ఆగస్టులో ఒక రాత్రి, సుమారు తొమ్మిది వందలమంది జెనీవా సరస్సును పడవలలో దాటారు. వారికి నాయకుడు హెన్రీ ఆర్నో అనే బోధకుడు. దాదాపు రెండు వందల కిలోమీటర్లు, ఎత్తయిన కనుమల మీదుగా, వానలో, మంచులో, దారిలో యుద్ధం చేస్తూ, రెండు వారాలకు సొంత లోయలకు చేరారు. ఆ చలికాలం బల్సీల్యా అనే కొండ మీద మూడు వందల పై చిల్లరమంది తలదాచుకున్నారు. వెళ్ళగొట్టబడినవారి పొలాల్లో కోయకుండా మిగిలిన రై పంట మంచు కింద చెడకుండా ఉంది. దాన్ని తవ్వుకొని తిన్నారని ఆర్నో తానే రాశాడు. 1690 మే నెలలో ఫ్రెంచి సైన్యం ఫిరంగులతో చుట్టుముట్టింది. ఇక తెల్లవారితే అంతా అయిపోయినట్టే అనుకున్న రాత్రి, దట్టమైన పొగమంచు కమ్మింది. దాని చాటున కొండ అంచుల వెంట దిగి తప్పించుకున్నారు. కొద్దిరోజులకే సవాయ్ ప్రభువు ఫ్రాన్సుతో తెగతెంపులు చేసుకొని వీరితో సంధి చేసుకున్నాడు. వారు కత్తి పట్టడం సరియా కాదా అని అక్కడివారే నేటికీ వాదించుకుంటారని ఆ పెద్దావిడ దాచకుండా చెప్పింది. ఆ మాట నాకు నచ్చింది.

వారు తిరిగి వచ్చిన ఆ దారిలో ఈనాడు యాత్రికులు నడుస్తారు. పందెగాళ్ళు పరుగెత్తుతారు. ప్రాణభయంతో ఎక్కిన కనుమలను నేడు వారి సంతతివారు సంతోషం కొరకు ఎక్కుతున్నారు.

వారికి పౌరహక్కులు 1848 ఫిబ్రవరి 17న గాని రాలేదు. అంతవరకు లోయ వెలుపల భూమి కొనుక్కునే వీలులేదు, విశ్వవిద్యాలయంలో చదివే వీలులేదు. ఆ వార్త లోయలకు తెలియజేయడానికి కొండల మీద మంటలు వేశారట. నేటికీ ఏటా ఫిబ్రవరి 16 రాత్రి ప్రతి ఊళ్ళో మంట వేసి చుట్టూ నిలిచి పాడతారు. ఆ రోజుల్లో వారికి బడులు కట్టించినవాడు బెక్విత్ అనే ఇంగ్లీషు సైనికాధికారి. వాటర్లూ యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకున్నాడు. ఆ ఒక్క కాలితోనే ఈ కొండల్లో తిరిగి, గుడిసెకు దగ్గరలో బడి ఉండాలని వందకు పైగా చిన్న బడులు కట్టించడానికి తోడ్పడ్డాడు. వాటిని సరదాగా "మేకల విశ్వవిద్యాలయాలు" అనేవారట. ఒకే ఒక గది, నాలుగు బల్లలు. నేను పనిచేసిన మొదటి బడి అచ్చం అలాగే ఉండేది.

మూడు ఆశ్రయగృహాలు

మూడో రోజు బొబ్బియో పెల్లిచె దాటి విల్లనోవా అనే పల్లె వరకు వెళ్ళాం. అక్కడినుండి కోంకా దెల్ ప్రా అనే మైదానానికి ఐదు వందల మీటర్ల ఎక్కుడు. పలక మీద గంటన్నర అని ఉంది. నాకు మూడు గంటలు పట్టింది. దారిలో మీరబూక్ అనే పాత కోట శిథిలాలు ఉన్నాయి. పైకి చేరేసరికి చుట్టూ కొండలు, నడుమ అరచేయిలాంటి పచ్చిక బయలు, దానిలో మెలికలు తిరుగుతూ ఏరు, ఆవుల మెడగంటల చప్పుడు. ఆ ఎత్తు 1,732 మీటర్లు. అక్కడ యాత్రికులు తల దాచుకునే ఆశ్రయగృహం ఉంది. దానికి విల్లీ జెర్విస్ అనే వాల్దెన్సీయ ఇంజనీరు పేరు పెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో నాజీలను ఎదిరించినందుకు 1944లో ఆయన్ని ఈ లోయలోనే చంపారు. ఇంకా పైన గ్రనేరో, పక్క లోయలో బార్బరా అని మరి రెండు ఆశ్రయగృహాలు ఉన్నాయి. ఈ మూడింటినీ చుట్టివచ్చే పరుగు పందెం ఆ లోయలో చాలా పేరున్నది.

మేము వెళ్ళేసరికి వంటింట్లోనుండి ఒకాయన బయటికి వచ్చి మావాణ్ణి చూచి, "ఇండియానో!" అని కేకవేసి కౌగిలించుకున్నాడు. మొక్కజొన్న సంకటి, జున్ను తెచ్చి పెట్టాడు. పొలెంటా అంటారు దాన్ని. మన సంకటికి చెల్లెలే అనుకోండి. ఎండుగడ్డిలో చుట్టి మాగబెట్టిన జున్ను కూడా రుచి చూపించాడు. తరువాత నా వైపు తిరిగి ఏదో గబగబా చెప్పాడు. మావాడు తెలుగులో చెప్పడానికి సిగ్గుపడ్డాడు. నేను వదలలేదు.

సంగతి ఏమిటంటే, జూలైలో పక్క లోయలో జరిగిన ఒక చిన్న పందెంలో మావాడు పాల్గొన్నాడు. సగం దారిలో ఒక నడివయసు మనిషి కాలు మడతపడి పడిపోయి ఉన్నాడు. వాన మొదలయింది. మావాడు ఆగి, తన రేకు దుప్పటి ఆయనకు కప్పి, ఈల ఊది, సహాయకులు వచ్చేవరకు ముప్పావుగంట పక్కనే కూర్చున్నాడు. పందెంలో చివరినుండి రెండోవాడుగా వచ్చాడు. పడిపోయినవాడు ఈ వంటాయన తమ్ముడట.

"అందులో నా గొప్పేమీ లేదు నాన్నా" అన్నాడు మావాడు. "కొండ పరుగులో అది నియమం. ఆపదలో ఉన్నవాణ్ణి దాటిపోకూడదు. నన్ను కూడా ఒకడు దాటిపోలేదు కదా."

మంచి సమరయుని గూర్చి నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను, కొన్ని చెప్పాను కూడా. ఆ రోజు సంకటి పళ్ళెం ముందు విన్నంత సూటిగా ఎప్పుడూ వినలేదు.

దిగేటప్పుడు ఏటి పక్కన కాసేపు కూర్చున్నాం. "ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయిరా?" అని అడిగాను. "పో నదిలో కలుస్తాయి నాన్నా. టురిన్ మీదుగానే పోతాయి" అన్నాడు. ఇద్దరికీ ఆ వంతెన గుర్తుకొచ్చింది. నేను దోసిలితో ఆ నీళ్ళు తీసుకొని ముఖం కడుక్కున్నాను. 121వ కీర్తన ఇద్దరం కలిసి చెప్పుకున్నాం. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది, వాడు ఒక్క మాట కూడా మరువలేదు.

ఆదివారం

ఆగస్టు చివర వాల్దెన్సీయ, మెథడిస్టు సంఘాల వార్షిక సభ తోర్రె పెల్లిచెలోనే జరుగుతుంది. ఆదివారం ఆరాధనతో మొదలవుతుంది. ఆ ఆదివారం నేను గుడికి వెళ్ళాను. మావాణ్ణి రమ్మని అడగలేదు. బలవంతం చేయకూడదని నిశ్చయించుకున్నాను. రెండో పాట పాడుతుండగా వెనుక బల్ల మీద ఎవరో కూర్చున్న చప్పుడయింది. తిరిగి చూస్తే వాడే. తెల్లవారుజామున పరుగుకు పోయి వచ్చినట్టున్నాడు, బూట్లకు బురద ఇంకా ఆరలేదు. భాష నాకు తెలియదు. ఒకటి రెండు రాగాలు మాత్రం తెలిసినవే. వాటిని నేను తెలుగులో పాడాను.

ఆరాధన తరువాత అక్కడివారు మరొక మాట చెప్పారు. 2015 జూన్ 22న పోపు ఫ్రాన్సిస్ టురిన్‌లోని వాల్దెన్సీయ గుడికి వచ్చి, తమ సభ పూర్వం చేసిన హింసల కొరకు క్షమాపణ వేడుకొన్నారని. ఎనిమిది వందల ఏండ్ల తరువాత! "క్షమాపణ అడగడానికి ఆలస్యం అంటూ లేదు" అనుకున్నాను. నేను మూడు నెలలకే అడిగాను, అది దేవుని కృప.

మనకు ఏమిటి?

ప్రియులారా, ఈ లోయలకు మనలో ఎక్కువమంది వెళ్ళలేరు. ఆ అవసరమూ లేదు. మన ఊళ్ళ చుట్టూ కూడా గుట్టలు, గట్లు, కాలువ దారులు ఉన్నాయి. పిల్లలను వాటి మీద నడవనివ్వండి, పరుగెత్తనివ్వండి. మన ఉపదేశులు, బైబిలు స్త్రీలు ఏ బాటలో నడిచి మన పల్లెలకు వాక్యం తెచ్చారో వారికి చూపించండి.

ముఖ్యంగా, బిడ్డలను దూరదేశాలకు చదువుకు పంపిన తల్లిదండ్రులకు ఒక మనవి. అప్పు సంగతి, మార్కుల సంగతి, చివరకు గుడి సంగతి కూడా తరువాత అడగండి. మొదట "ఎలా ఉన్నావు, నిద్ర పడుతున్నదా, ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?" అని అడగండి. పరీక్ష తప్పితే మళ్ళీ రాయవచ్చు, చేను పోతే మళ్ళీ కొనవచ్చు. మనసు చీకటి పడినప్పుడు డాక్టరుకు చూపించుకోవడం విశ్వాసలోపం కాదు. పక్కన ఒక మనిషి కూర్చోవడం చాలా పెద్ద వైద్యం. బిడ్డలారా, మీరు కూడా దాచకండి. మీరు అనుకున్నంత కఠినులు కారు మీ నాన్నలు.

మావాడు తప్పిన రెండు పరీక్షల్లో ఒకటి సెప్టెంబరులో పాసయ్యాడు. రెండోది మిగిలి ఉంది. ప్రతి ఆదివారం గుడికి వెళుతున్నాడా? కొన్ని ఆదివారాలు వెళుతున్నాడు, కొన్ని ఆదివారాలు కొండకు వెళుతున్నాడు. నేను ఇప్పుడు లెక్క పెట్టడం మానేశాను. ఫోను మాత్రం తప్పకుండా చేస్తాను. పోయిన వారం వాడే ముందుగా చేసి, "నాన్నా, మీ మోకాలు ఎలా ఉంది? మన ఊరి గుట్ట ఎక్కుతున్నారా?" అని అడిగాడు.

ఎక్కుతున్నాను. చిన్న అడుగులతో, ఊపిరి చూచుకుంటూ, వాడు నేర్పినట్టే.

ప్రభువు మీ బిడ్డల రాకపోకలన్నిటిలో తోడైయుండును గాక. ఆమేన్.